ముందు గుమ్మం, వెనక సందు

ఇద్దరూ రాజమండ్రి ఇన్నీసుపేట వాళ్ళే. ఒకరు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మాస్టారు. డెబ్భైల్లో సెకండ్‌హ్యాండ్‌లో యాషికా కెమెరా ఒకటి కొనుక్కుని, అప్పట్నుంచీ పేటలో ఇళ్ళకి ఫోటోలు తీస్తూ వచ్చారు. పెళ్ళిళ్ళకి ఎంతమంది పిలిచినా కెమెరా పట్టుకెళ్ళలేదు. రెండోవారు ఆయన దగ్గరే చదువుకుని, టౌన్ ప్లానింగ్‌లో చేరి, వేరే జిల్లాల్లో ఊళ్ళు తిరిగి టౌన్ ప్లానింగ్ ఆఫీసరు (టి.పి.ఓ.)గా రిటైరై సొంతూరు వచ్చేశారు. మాస్టారి ఆల్బములు గౌతమీ గ్రంథాలయానికి ఇవ్వాలా, ఇస్తే ఎలా ఇవ్వాలి అన్న దగ్గర మాట పెరిగింది. నేను మధ్యవర్తిని కాను. కాఫీకి వెళ్ళి ఇరుక్కున్నవాణ్ణి.

మాస్టారు: ముందు ఈ బొమ్మ చూడవయ్యా, తర్వాత మాట్లాడు. అన్నదమ్ముల ఇల్లు. వాటాలు పంచుకుని మండువా మధ్యలో గోడ పెట్టేశారు. వీధి వసారాకి ఐదు స్తంభాలు. గోడ సరిగ్గా మూడో స్తంభం మీదికి వచ్చింది. అది ఎవరి వాటా అన్నది తేలలేదు. పెద్దవాడు తన సగానికి ఆకుపచ్చ రంగు కొట్టించాడు, చిన్నవాడు ముట్టుకోలేదు. నలుపు తెలుపు ఫిల్ము కాబట్టి పచ్చ తెలీదు గానీ, ఆ ఒక్క స్తంభం నిలువునా సగం ముదురు, సగం వెలిసిన సున్నం. పైకి చూడు. పెద్దవాడి వైపు గూన పెంకు తీసేసి బెంగుళూరు పెంకు వేయించాడు. చిన్నవాడి వైపు పాతదే, దాని మీద పిచ్చిమొక్కలు. ఇల్లు ఇప్పుడు లేదు. ఆ కుటుంబం కథ చెప్పడానికి ఇంకేం కావాలి?

టి.పి.ఓ.: బొమ్మ బ్రహ్మాండంగా ఉందండి. కానీ కథ మీ నోట్లో ఉంది, బొమ్మలో లేదు. మీరు చెప్పకపోతే అది రంగు చాలక సగంలో ఆపేసిన స్తంభం. రేపు లైబ్రరీలో ఎవడో కుర్రాడు ఆల్బం తెరుస్తాడు. వెనక్కి తిప్పితే ఏముంది? ‘ఇన్నీసుపేట, 1979.’ అది ఏ వీధి, ఎవరిల్లు, ఏ ముఖం ఇల్లు?

మాస్టారు: చాలావాటికి డోర్ నంబరు వేశాను.

టి.పి.ఓ.: డోర్ నంబర్లు నిలవవు మాస్టారూ. వార్డులు మార్చినప్పుడల్లా అవీ మారతాయి. మీ పాత నంబరు పట్టుకుని వెళ్తే ఇవాళ ఏ జిరాక్సు షాపో తగుల్తుంది. రాయాల్సింది టౌన్ సర్వే నంబరు. టి.ఎస్. నంబరు నేలకి ఇచ్చేది, ఇంటికి కాదు. ఇల్లు కూల్చినా, అమ్మినా, ముక్కలు చేసినా, పాత రికార్డులోంచి ఆ జాగాని వెనక్కి పట్టుకోవచ్చు. మా ఆఫీసుల్లో ఫోటోలు కుప్పలుగా వచ్చేవి, ఇదిగో మా తాతల ఇల్లు అంటూ. నేలతో ముడి లేక ఒక్కటీ పనికొచ్చేది కాదు.

మాస్టారు: నీకు అంతా ఫైలే. బొమ్మ చదవడం వస్తే నంబరు లేకపోయినా తేదీ పట్టుకోవచ్చు. ఇదిగో, ఈ ప్రహరీ మీద ‘అడవి రాముడు’ పోస్టరు, సగం చిరిగింది. 1977. ఈ గోడ మీద సైకిలు గుర్తు. తెలుగుదేశం పుట్టింది 1982 మార్చిలో, ఎన్నికలు 1983 జనవరిలో. మధ్యలో తీసిందన్నమాట.

టి.పి.ఓ.: మధ్యలోనే అని ఎందుకండీ? గోడ రాత వానకి కొట్టుకుపోయేదాకా ఉంటుంది. 1985లో తీసినా సైకిలు కనపడుతుంది. అంతకుముందు తీసింది కాదని మాత్రం చెప్పగలం. పెంకుల సంగతీ అంతే. పాత ఇల్లు పడగొట్టే చోటికి వెళ్తే ఇంటాయన ఒక పెంకు తుడిచి తెచ్చి చూపిస్తాడు, ‘1865 సార్, మా ముత్తాత కట్టింది’ అని. అక్షరాలా 1865 అనే అచ్చు ఉంటుంది. అది మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన ఏడాది. ఆ తర్వాత ఎన్నేళ్ళకి చేసిన పెంకు మీదైనా అదే అచ్చు. మీరు ఆ పెంకుకి దగ్గర్నుంచి ఫోటో తీసి లైబ్రరీకి ఇస్తే, పేటకి అరవై ఏళ్ళ వయసు ఊరికే కలుస్తుంది.

(మాస్టారు ఇక్కడ నవ్వేశారు. ఆయన ఆల్బములో అలాంటి పెంకు బొమ్మ ఉన్నట్టుంది, పేజీ గబుక్కున తిప్పారు.)

మాస్టారు: సరే, నంబర్లు నువ్వే వేద్దువు గాని. నేను చెప్పేది వేరు. ఇలాంటి పని ఎప్పుడూ సర్కారు చెయ్యలేదు, నాలాంటి పిచ్చివాళ్ళే చేశారు. 1875లో లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చి దగ్గర ఆక్స్‌ఫర్డ్ ఆర్మ్స్ అని పాత సత్రం ఒకటి కూల్చబోతున్నారంటే, కొందరు కలిసి చందాలు వేసుకుని దానికి ఫోటోలు తీయించారు. అదే ఒక సంఘమై 1886 దాకా నూట ఇరవై బొమ్మలు తెచ్చింది. ఆ తర్వాత బర్మింగ్‌హామ్ పార్లమెంటు సభ్యుడు బెంజమిన్ స్టోన్, స్వయంగా అమెచ్యూరే, 1897లో దేశం మొత్తానికి ఇంకో సంఘం పెట్టాడు. ఊరూరా అమెచ్యూర్ల చేత చర్చిలూ ఇళ్ళూ పండగలూ తీయించి బ్రిటిష్ మ్యూజియంలో పెట్టించాడు. వాళ్ళెవరికీ జీతం లేదు.

టి.పి.ఓ.: ఆ సత్రం ఆగిందా?

మాస్టారు: ఆగలేదు. కూల్చేశారు.

టి.పి.ఓ.: గ్లాస్గో సంగతి కూడా మీరే చెప్పారు ఒకసారి. 1868 నుంచి టామస్ ఆనన్ అనే ఆయన ఊళ్ళో ఇరుకు సందులన్నీ తీశాడు. డబ్బులిచ్చిందెవరు? ఆ సందుల్ని పడగొట్టడానికి పెట్టిన ట్రస్టే. పడగొట్టేముందు ఒక ఫోటో ఉంటే మనసు కుదుటపడుతుంది. నేనూ చూశాను. రోడ్డు వెడల్పులో ఎర్ర రంగు గుర్తు వేసినరోజు ఇంటాయన తిట్టేవాడు, తర్వాత ఫోన్లో ఫోటో తీసుకునేవాడు, ఆ సాయంత్రానికి రోడ్డులో పోయే జాగాకి బదులు ఎంత బాండ్ వస్తుందని లెక్క అడిగేవాడు. ఫోటో ఉంది కదా, ఇంక ఇల్లు ఎందుకు అన్నట్టు అయిపోతుందండి. మీ ఆల్బముల మీద నాకున్న మొదటి అనుమానం అదే.

మాస్టారు: నేను తియ్యకపోతే ఈ ఇళ్ళు నిలిచేవా?

టి.పి.ఓ.: నిలిచేవి కావు. ఈ పేటలో రోడ్డు కోసం పడ్డవి తక్కువ, వాటాల కోసం పడ్డవి ఎక్కువ. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ ఇళ్ళలో ఉండటం కష్టం. వేసవి చివర పెంకు సర్దించకపోతే తొలకరికి మంచం కింద చెంబులు పెట్టాలి. పెంకు సర్దే మనుషులు దొరకడం మానేశారు. కోతులు వచ్చాయి. ఒక కోతుల గుంపు మధ్యాహ్నం ఇంటి మీద ఆడుకుంటే ఎన్ని పెంకులు మిగుల్తాయి? వాసాలకి చెద. ముసలివాళ్ళకి రాత్రిపూట దొడ్లోకి నడక. పిల్లలు హైదరాబాదు నుంచో అమెరికా నుంచో వచ్చి రెండు రోజులుండి, స్తంభం పక్కన నిలబడి ఫోటో దిగి, ‘అయ్యో అమ్మకండి నాన్నా’ అని వెళ్ళిపోతారు. కోతుల్తో ఉండేది నాన్న.

(ఇక్కడ నేను టి.పి.ఓ. గారి వైపే. పాత ఇళ్ళ మీద ప్రేమ చాలామటుకు అందులో కాపురం లేనివాళ్ళకే ఎక్కువ.)

మాస్టారు: అలా అయితే ఫోటోయే మిగిలే దారి అని నువ్వే చెప్తున్నావు.

టి.పి.ఓ.: దారే. మరి అందులో ఏం మిగిల్చారు? మీ ఆల్బములన్నీ వీధి వైపే మాస్టారూ. అరుగు, గడప, ద్వారబంధం మీద చెక్కిన చిలకలు, రంగూన్ టేకు స్తంభాలు. ఒక్క ఇంటికీ వెనక లేదు.

మాస్టారు: దానికి కారణముందయ్యా. యాషికాకి పైనుంచి తల వంచుకుని చూడాలి. లోపల కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. కెమెరా పైకెత్తితే స్తంభాలు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి. అందుకని ఎదురింటి అరుగెక్కి, కెమెరా నిటారుగా పట్టుకుని తీసేవాణ్ణి. వీధి చాలకపోతే ఎదురు డాబా ఎక్కేవాణ్ణి. రోలుకి పన్నెండు బొమ్మలే. ఓర్వో ఫిల్ము దొరికినప్పుడు కొనుక్కుని, తూర్పు ముఖం ఇళ్ళు పొద్దున, పడమటి ముఖం ఇళ్ళు సాయంత్రం. వెనక వైపు అంటే ఆడవాళ్ళు తిరిగే చోటు. నుయ్యి, వంటిల్లు, స్నానాల గది. అక్కడికి కెమెరా పట్టుకుని ఎలా వెళ్తాను? అడక్కుండా ఒకరి పెరట్లోకి వెళ్ళకూడదని నియమం పెట్టుకున్నాను. అది తప్పా?

టి.పి.ఓ.: పెరట్లోకి వద్దండి. పెరటి గోడ అవతల సందుంది కదా? అది ఎవరి పెరడూ కాదు, మునిసిపాలిటీది. రెండు వరసల ఇళ్ళ వీపుల మధ్య, మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేటంత. ప్రతి గోడకీ మోకాలెత్తున ఒక చిన్న రేకు తలుపు. ఆ తలుపెందుకో మీకు తెలుసు. లోపల దొడ్డి, తలుపు వెనక డబ్బా. తెల్లవారుజామున వచ్చి ఆ తలుపు తెరిచి డబ్బా లాగి ఎత్తుకెళ్ళేవాళ్ళకి, ఆ ఇంటి ముందు గుమ్మం ఎలా ఉంటుందో తెలిసే పనే లేదు. ఆ పని కూడదని 1993లో చట్టం వచ్చింది, 2013లో ఇంకోటి. ఈలోగా సెప్టిక్ ట్యాంకులు వచ్చాయి, రేకు తలుపులు ఇటుకలు పెట్టి మూసేశారు. మీ బొమ్మల్లో ఆ తలుపు ఒక్కటి లేదు. యాభై ఏళ్ళ తర్వాత ఎవరైనా ఈ ఆల్బము చూస్తే, ఇన్నీసుపేటలో అందరూ అరుగు మీద కూర్చుని పేపరు చదువుకునేవారనుకుంటారు.

మాస్టారు: నువ్వు ఆ సందు చివర్నుంచే బడికొచ్చేవాడివి.

టి.పి.ఓ.: తాటాకు ఇల్లు. అది మీ బొమ్మల్లో లేదు.

మాస్టారు: ఉంది. ఉండు, చూపిస్తా. (ఆల్బము వెతికి) ఇదిగో. ఈ డాబా పక్కన, ఎడం చేతి మూల చూడు. తాటాకు చూరు. పక్కన వెదురు తడిక.

టి.పి.ఓ.: (కళ్ళజోడు తీసి, బొమ్మ దగ్గరగా పెట్టుకుని) ఇది మా ఇల్లు కాదండి. ఆ డాబావాళ్ళ గేదెల పాక.

(కొంచెంసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత టి.పి.ఓ. గారే తేల్చేశారు, గేదెల పాకే నయం, దానికి ఏటా కొత్త తాటాకు కప్పేవారని.)

మాస్టారు: అవునయ్యా, నాకు కనిపించిన అందం వెంట పోయాను. అందంగా ఉన్నదాన్ని తియ్యాలనే ఎవరికైనా అనిపిస్తుంది. నువ్వయినా కెమెరా ఇస్తే తాటాకు ఇంటికి ఎదురుగా నిలబడతావా, టేకు స్తంభాల ముందు నిలబడతావా?

టి.పి.ఓ.: స్తంభాల ముందే నిలబడతాను. అందుకే పనిని అభిరుచికి వదలకూడదంటున్నాను. న్యూయార్కులో 1939 నుంచి 1941 దాకా పన్నుల శాఖ ఊళ్ళో ఉన్న ప్రతి కట్టడానికీ ఫోటో తీయించింది. బాగున్నదీ బాగోలేనిదీ, కొట్టూ గోడౌనూ, ఏదీ వదల్లేదు. ముందు ఒక బోర్డు పెట్టి దాని మీద బ్లాకు నంబరు, జాగా నంబరు. తీసినవాడికి ఏ ఇంటి మీదా ప్రేమ లేదు. ఇవాళ అక్కడివాళ్ళు తాతల ఇల్లు వెతుక్కునేది ఆ బొమ్మల్లోనే.

మాస్టారు: పన్ను కోసం తీసిన బొమ్మలో సగం పచ్చ స్తంభం కథ వస్తుందా? ఆ శాఖ మనిషి నంబరు బోర్డు పెట్టి, టక్కున నొక్కి, పక్కింటికి పోతాడు. నేను ఆ ఇంటి ఎదుట సాయంత్రాలు కూర్చున్నాను. అన్నదమ్ములిద్దరూ వచ్చి, ఎవరికి వారు వాళ్ళ వైపే తియ్యమన్నారు. ఆ స్తంభం మధ్యకి తెచ్చి తీసింది నేను.

టి.పి.ఓ.: ఒప్పుకుంటాను. అది రాయండి మరి. ఆ అన్నదమ్ములు ఏమన్నారో బొమ్మ వెనక రాయండి.

మాస్టారు: రాస్తే వాళ్ళ పిల్లలు ఊరుకుంటారా? అదీ ఉంది. ఇంకో సంగతి. నువ్వు మొన్న వీరేశలింగం గారి ఇల్లు ప్రభుత్వం కాపాడుతోంది కదా, అలాంటివి చాలవా అన్నావు. 1881 డిసెంబరు 11న ఈ ఊళ్ళో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు సగం ఆయన మీద కత్తి కట్టింది. ఆయన ఇల్లు ఉంది, సంతోషం. మరి ఆ వేళ తలుపులు వేసుకున్న ఇళ్ళేవి? ఆయన్ని వెలేసిన ఇళ్ళేవి? అవీ చరిత్రే కదా. ఆ రోజుల్లో నాలాంటివాడొకడు కెమెరాతో ఆ వీధులు తిరిగి ఉంటే, మహానుభావుడి ఇల్లు ఒక్కటే కాదు, ఆయన ఎవరి మధ్య బతికాడో తెలిసేది.

టి.పి.ఓ.: ఈ మాట బాగుంది మాస్టారూ. నా వాదన మీరే చేస్తున్నారు. వెలేసిన ఇళ్ళు కావాలి, ఊరి చివర ఇళ్ళు కావాలి, వెనక సందు కావాలి.

మాస్టారు: కావాలి, కావాలి. కాదన్నదెవరు?

(కాఫీ రెండోసారి వచ్చింది. మాటల్లో ఫిల్ము సంగతి దొర్లింది. నలుపు తెలుపు ప్రింట్లు ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాయి. మాస్టారు ముచ్చటపడి కలర్‌కి మారాక తీసినవి మాత్రం ఎర్రబారి, ఇళ్ళన్నీ సంధ్యవేళ కట్టినట్టున్నాయి. గోదావరి గాలికి నెగెటివుల మీద బూజు గూడు కట్టింది. స్కానింగ్ చేయించే విషయంలో ఇద్దరికీ పేచీ లేదు, ఎవరు డబ్బు పెట్టుకోవాలన్నదే.)

టి.పి.ఓ.: లైబ్రరీకి ఇచ్చాక ఒకటి జరుగుతుంది, దానికి సిద్ధంగా ఉండండి. లాయర్లు వస్తారు. ఒకడి కిటికీకి అడ్డంగా పక్కవాడు గోడ లేపుతాడు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో పదిహేనో సెక్షనని ఉంది. ఇరవై ఏళ్ళు అడ్డూ ఆపూ లేకుండా ఆ కిటికీలోంచి వెలుతురూ గాలీ అనుభవిస్తూ వస్తే అది హక్కవుతుంది. కిటికీ ఎప్పటిదో చెప్పడానికి కాయితం ఎవరి దగ్గరుంటుంది? కిటికీకి రిజిస్ట్రేషన్ ఉండదు కదా. ఇరుపక్షాల సాక్షులూ చెరో మాట చెప్తారు. అక్కడ తేదీ వేసిన మీ 1979 బొమ్మ ఒకటి దొరికిందనుకోండి, దానికి విలువ.

మాస్టారు: వద్దయ్యా బాబూ. నా బొమ్మ కోర్టుకెక్కితే పక్కింటివాడు నాతో మాట్లాడడు.

టి.పి.ఓ.: చరిత్ర అంటే తగాదాలో పనికి రానిదే కావాలంటారా? చూసి మురిసిపోవడానికి క్యాలెండర్లున్నాయి కదండీ.

మాస్టారు: ఎదుటివాడి మీద సాక్ష్యం పోగెయ్యడానికి నేను వీధిలో నిలబడలేదు. ఆ అరుగుల వాళ్ళు నన్ను నమ్మి నిలబడనిచ్చారు. మజ్జిగిచ్చారు. అందరికీ తెరిచి పెడితే ఆ నమ్మకం ఏమైనట్టు? ఇంట్లో మనుషులు స్పష్టంగా కనిపించేవి కొన్నాళ్ళు పక్కన పెట్టమని లైబ్రరీ వాళ్ళకి రాసిస్తాను. ఇల్లు మాత్రమే ఉన్నవి ఇచ్చేస్తాను.

టి.పి.ఓ.: అది న్యాయంగానే ఉంది. ఇక కొత్తవి.

మాస్టారు: కొత్తవేమిటి?

టి.పి.ఓ.: అపార్టుమెంట్లు. 2027లో పుష్కరాలు. వాటి ముందు ఊరు ఎంత మారుతుందో చూస్తూ ఉండండి. ఆ ఐదంతస్తులవి కూడా ఇప్పుడే తియ్యండి, అదే అరుగు ఉన్న చోట నిలబడి.

మాస్టారు: ఆ అగ్గిపెట్టెలకా? నా వల్ల కాదు.

టి.పి.ఓ.: మొదట డాబాలు లేచినప్పుడు మండువా లోగిళ్ళ వాళ్ళు ఇదే మాట అనుంటారు. ఇప్పుడు మీ ఆల్బములో ఆ డాబాలకి నాలుగు పేజీలిచ్చారు. మెట్ల మీద ఆ సిమెంటు జాలీలకి దగ్గర్నుంచి వేరే తీశారు. ఇంకో ముప్ఫై ఏళ్ళకి గ్రిల్లు బాల్కనీలు చూసి ఎవరో కళ్ళు తుడుచుకుంటారు. అప్పటికి అవీ ఉండవు.

మాస్టారు: ఆ కళ్ళు తుడుచుకునేవాడే తీసుకుంటాడులే. నాకు ఓపిక లేదు.

(ఈ ఒక్క విషయంలో నాకు మాస్టారి మాటే సబబుగా తోచింది. ఒక మనిషి చూడగలిగినంత చూశాడు. మిగతాది ఇంకొకరు చూడాలి.)

టి.పి.ఓ.: సరే, అపార్టుమెంట్లు మా అమ్మాయి ఫోన్లో తీస్తుంది. రేపట్నుంచి నేను టి.ఎస్. నంబర్లు వేస్తాను. మీరు ఇంటి పేర్లు చెప్పండి, ఎవరి తర్వాత ఎవరికి అమ్మారో చెప్పండి. పెన్సిలుతోనే రాస్తాను, పెన్ను సిరా ప్రింటు లోపలికి దిగుతుంది. అది అయ్యాక వెనక సందు. రేకు తలుపులు మూసేసిన ఇటుకల గుర్తులు ఇంకా తెలుస్తున్నాయి, సున్నం కొట్టేలోపు తియ్యాలి. సర్వే గొలుసు లేదు గానీ, కొలతల టేపు తెస్తాను.

మాస్టారు: ఫోటో తియ్యడానికి టేపెందుకు?

టి.పి.ఓ.: సందు వెడల్పు రాయాలి కదండీ బొమ్మ వెనక. పాత సర్వేలో ఎంతుందో, ఇప్పుడెంతుందో. ఎవరి ప్రహరీ ఎన్ని అడుగులు సందులోకి జరిగిందో కూడా తేలిపోతుంది. మీ వైపు గోడ కూడా ఆ మధ్య కొత్తగా కట్టించారు కదా.

మాస్టారు: చూడు, ఫోటోలు ఎన్నయినా తీసుకో. టేపు మాత్రం తేకు.